బెంగళూరు పద్ధతిలో ఊరు ఖాళీ

బెంగళూరు,
జూన్ 8, 2002

మామగారికి,

అల్లుడు గిరి నమస్కారాలు. మేమిద్దరం బాగున్నాం. మీరూ అత్తమ్మా బాగున్నారని తలుస్తూ నేరుగా విషయానికి వస్తున్నాను. ఎందుకంటే హేమావతి పక్కనే కూర్చుని "బిరబిరా రాయి, మా నాయన ఎదురుచూస్తాంటాడు" అని మోచేత్తో పొడుస్తోంది.

వచ్చే శని, ఆదివారాలు వంకదొడ్డికి వస్తామని చెప్పాం కదా. రాలేం. మా కంపెనీ వాళ్ళు ఉద్యోగులందరినీ కుటుంబాలతో సహా కొడగు కొండల్లోకి తీసుకుపోతున్నారు. అడవి మధ్యలో ఏరు, ఏటి పక్కన గుడారాలు. ఇళ్ళకు తాళాలు వేసుకుని అందరం అక్కడికి పోవాలి. కరెంటు ఉండదు. మూడు రాళ్ళు పెట్టుకుని మేమే వండుకోవాలి. పగలంతా చెట్ల కింద, రాత్రి గుడారంలో. దీన్ని క్యాంపింగ్ అంటారు. ఒక్కరు కూడా ఇంట్లో మిగలకూడదని మేనేజరు గట్టిగా చెప్పాడు.

ఇది హేమావతికి మింగుడు పడటం లేదు. "కరెంటు లేకుండా, రాళ్ళ పొయ్యి మీద వండుకోని, బయట పండుకునేదానికి కొడగు దాకా ఎందుకు? మా ఊర్లో ఎండాకాలమంతా చేసేది అదే కదా" అంటోంది. ప్రకృతి ఒడిలో గడపడంలో ఆనందం వేరని చెప్పి చూశాను. "చిన్నప్పుడు దినామూ తెల్లారి చెంబు తీసుకోని ఆ ప్రకృతిలోకే పోతాంటి. నాకేం ఆనందం కనపళ్ళా" అంది. 

వచ్చాక అన్నీ వివరంగా రాస్తాను.

ఇట్లు,
మీ మాట తప్పిన అల్లుడు,
గిరి

తా.క.: పడుకోవడానికి దుప్పట్లు ఇవ్వరట, తలా ఒక సంచి ఇస్తారట. అందులోకి దూరి మెడ దాకా జిప్పు లాక్కోవాలి. ఈ మాట విన్నప్పటి నుంచి మీ అమ్మాయి నన్ను శెనక్కాయల మూట అని పిలుస్తోంది.

వంకదొడ్డి,
బెళుగుప్ప మండలం,
జూన్ 12

అల్లుడు గిరికి,

మామ ఎర్రప్ప దీవించి రాసేది. ఇక్కడ వాన తప్ప అందరం క్షేమం.

నీ ఉత్తరం చదివి నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇన్నాళ్ళూ నిన్ను ఉత్త ఆఫీసు మనిషివనుకున్నాను. మీ బెంగళూరులో కూడా ఊరు ఖాళీ చేసే ఆచారం ఉందని నాకు ఇప్పటి దాకా తెలియదు.

నువ్వు టౌనులో పెరిగినవాడివి కాబట్టి మా సంగతి చెబుతాను. వానలు మొండికేస్తే మా తాతల కాలం నుంచీ ఊరంతా ఒక రోజు బయటికి పోయేది. తెల్లవారకముందే పొయ్యిలు ఆర్పి, ఎద్దులు, మేకలు, కోళ్ళు, కుక్కలతో సహా కదిలేవాళ్ళం. ఎవరూ లోపలికి పోకుండా ఊరి మొగదల ముళ్ళకంప అడ్డం వేసేవాళ్ళం. వంక పక్కన రాళ్ళ పొయ్యిల మీద వండుకుని దీపాల వేళకు తిరిగి వచ్చేవాళ్ళం. ఆ పగలంతా చౌడమ్మ తల్లి ఊళ్ళో ఒక్కతే తిరిగి చెడునంతా ఊడ్చేస్తుంది, తర్వాత వాన పడుతుంది.

ఈ ఏడు కూడా చేద్దామంటే ఎవరూ వినడం లేదు. ఓబన్న అయితే ముఖం మీదే అన్నాడు: "ఏమన్నా ఎర్రప్పన్నా, యా కాలంలో ఉండావు? ఊరు ఇడిసిపెట్టి పోతే సీరియల్ ఎవరు చూస్తారు, మీ చౌడమ్మ చూస్తాదా?"

నాకు నవ్వు రాలేదు అల్లుడా. విత్తనం శెనక్కాయలు ఇళ్ళల్లో ఉన్నాయి. ఒక్క పదును వాన పడితే విత్తుకుంటాం. పడకపోతే మేస్త్రీ ఆదెప్ప ఈ నెలో వచ్చే నెలో లారీ తెచ్చి జనాన్ని మీ బెంగళూరు బిల్డింగుల పనికి ఎక్కించుకుపోతాడు. పోయేవాళ్ళు విత్తనం అమ్ముకుని పోతారు. విత్తనం పోయినవాడు తర్వాత వాన పడినా తిరిగి రాడు. ఒక్క రోజు ఊరు ఖాళీ చేయకపోతే ఏడాది పొడుగునా ఖాళీ అయ్యేట్టు ఉంది.

కాబట్టి మీ పద్ధతి అంతా రాయి. కంప ఎవరు వేస్తారు? కోళ్ళను ఏం చేస్తారు? ఏ అమ్మవారు? ముఖ్యంగా ఒకటి. మేం దీపాల వేళకు తిరిగి వస్తాం. మీరు రాత్రి కూడా అక్కడే ఉంటారని రాశావు. అది తప్పనిసరా? ఈ సంగతి వివరంగా రాయి.

దీవెనలతో,
ఎర్రప్ప

తా.క.: నీ ఉత్తరం బస్టాండు అరుగు మీద అందరికీ చదివి వినిపించాను. చెంబు మాట వచ్చేసరికి మీ అత్త కాగితం లాక్కోబోయింది కానీ అప్పటికే చదివేశాను.

బెంగళూరు,
జూన్ 19

మామగారికి,

గిరి నమస్కారాలు. కొడగు నుంచి మొన్న వచ్చాం. మీ ఉత్తరం తలుపు కింద ఉంది. చదివి హేమావతి పొట్ట పట్టుకుని నవ్వింది, చెంబు దగ్గరికి రాగానే ఆపేసింది.

మామా, మీరు పొరబడ్డారు. ఇది దేవుడి పని కాదు, ఉత్త సరదా. మేం ఎందుకు పోయామంటే ఆఫీసులో పని చేసి చేసి విసుగు పుట్టి. అయినా అడిగారు కాబట్టి చెబుతున్నాను. కంప వేయరు, గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. కోళ్ళు మాతో వచ్చాయి గానీ తిరిగి రాలేదు, వండేశారు. అమ్మవారు ఎవరూ లేరు. మా ఆఫీసులో నిఖిత అనే అమ్మాయి మెడలో ఈల వేసుకుని తిరుగుతుంది. ఆమె ఊదితే మేనేజరు కూడా లేచి నిలబడతాడు.

ఇక రాత్రి మాట. అవును, తప్పనిసరి. రాత్రి అక్కడ గడపకపోతే దాన్ని క్యాంపింగ్ అనరు. పొద్దున గోనెసంచుల్లో కాళ్ళు పెట్టి గెంతుతూ పందెం, సాయంత్రం తాడు లాగే పోటీ. చీకటి పడ్డాక మంట చుట్టూ కూర్చుని రెండు జట్లుగా అంత్యాక్షరి. ఎంత గట్టిగా పాడితే అంత గొప్ప. తెల్లవారేదాకా ఎవరూ చోటు కదలకూడదు.

మీ భయం నాకు అర్థమైంది. కానీ ఇది మీకు పనికొచ్చేది కాదు.

ఇట్లు,
గిరి

తా.క.: మీకొక్కరికే చెబుతున్నాను, ఎవరితోనూ అనకండి. ఆ రాత్రి కుండపోతగా వాన. గుడారం మా నెత్తిన కూలింది. నేను సంచి జిప్పు రాక అలాగే గెంతుకుంటూ బస్సు దాకా పోయాను. పొద్దున పందెంలో ఓడినవాణ్ణి అప్పుడు మాత్రం అందరికంటే ముందు చేరానట.

వంకదొడ్డి,
జూన్ 24

అల్లుడు గిరికి,

మామ ఎర్రప్ప దీవించి రాసేది.

అసలు సంగతి తా.క. కింద రాస్తావా! "వాన కుండపోత" అన్నది ఉత్తరం మొదట్లో, పెద్ద అక్షరాలతో ఉండాలి కదయ్యా. అరుగు మీద అంతా చదివాను, "ఎవరితోనూ అనకండి" అన్నది కూడా చదివాను.  వెంటనే ఓబన్న లేచాడు.

"పడిందా? అదే రాత్రి పడిందా?" అన్నాడు.

"పడింది, గుడారం కూలేట్టు పడింది" అన్నాను.

"అట్లయితే మనం ఇన్నేండ్లు తప్పుగా చేసినాం. తల్లి దగ్గర ఏడుపు మొగాలు పెట్టుకోని కూచుంటే వాన యాడ వస్తాది? సరదాగా చేయాల!"

ఊరంతా ఒక్క మాట మీదికి వచ్చింది. పొద్దు మునిగేదాకా మా పద్ధతి, అక్కడి నుంచి తెల్లవారేదాకా బెంగళూరు పద్ధతి. కొండ కింద వంక దగ్గర చేస్తున్నాం. నువ్వు ఏటి పక్కన అన్నావు, మాది ఇసుక పక్కన. తాగే నీళ్ళకు చెలమ తవ్వుతున్నాం. గుడారాలకు యూరియా సంచులు కుట్టి పట్టాలు చేశారు. తాడు పోటీకి బావి మోకు ఉంది, దానికి వేరే పని లేక చాలా కాలమైంది. కోళ్ళను వండవద్దని, కోళ్ళు పెంచుకునే హనుమక్క పట్టు పట్టింది, గంపల కింద మూసి తెస్తుంది. ఈల కూడా తనకే కావాలంటోంది.

ముహూర్తం వచ్చే నెల మొదటి మంగళవారం. నేనే పెట్టాను.

దీవెనలతో,
ఎర్రప్ప

తా.క.: ఈలతో వాన తెప్పించిన ఆ నిఖితమ్మ తల్లికి ఊరి తరఫున చీర, రవికె గుడ్డ, పసుపు, కుంకుమ పార్సిలు పంపాం. నీ ఆఫీసు చిరునామాకే వేశాను, ఆమెకు అందజేసి మా దండాలు చెప్పు.

బెంగళూరు,
జూన్ 28

మామగారికి,

గిరి కంగారు పడుతూ రాసేది. పార్సిలు చేరింది. నిఖితకు ఏం చెప్పాలో తోచక పుట్టినరోజు కానుక అన్నాను. ఆమె పుట్టినరోజు జనవరిలోనట. ఇప్పుడు ఆఫీసంతా నన్ను ఒక రకంగా చూస్తోంది. హేమావతి కూడా చూస్తోంది.

మామా, దయచేసి ఆపండి. కొడగులో జూన్ నెలలో వాన ఎలాగూ పడుతుంది. మేం ఇంట్లో ముసుగు తన్ని పడుకున్నా పడుతుంది. దానికీ మా గెంతులకూ సంబంధం లేదు. రేపు మీ దగ్గర పడకపోతే ఊరు మిమ్మల్ని ఏమంటుంది? నా ఉత్తరం పట్టుకుని మీరు మాట పడటం నాకు ఇష్టం లేదు.

ఇంకో మాట. మా ఆఫీసు వెనక పెద్ద బిల్డింగు లేస్తోంది. అక్కడ పని చేసేది మన వైపు వాళ్ళే, విడపనకల్లు నుంచి వచ్చారట. నీలం పట్టాల కింద పడుకుంటారు. కరెంటు లేదు, మూడు రాళ్ళ పొయ్యి, పక్కన ఏరు బదులు మురికి కాలువ. నేను డబ్బు కట్టి సరదాకు చేసి వచ్చింది వాళ్ళు ఏడాదంతా చేస్తున్నారు. నిన్న హేమావతి వాళ్ళతో చాలాసేపు మాట్లాడి వచ్చి అన్నం తినలేదు. "మా ఊరోళ్ళు కూడా ఈడికే వస్తారా?" అని అడిగింది. నాకు సిగ్గేసింది, బాధేసింది.

రావలసి వస్తే మన వాళ్ళకు ఇక్కడ నాకు చేతనైంది చేస్తాను. కానీ ఈ మంగళవారం పని మాత్రం మానుకోండి.

ఇట్లు,
గిరి

తా.క.: చీర రంగు బాగుందని, ఎక్కడ కొన్నారని నిఖిత అడుగుతోంది. పామిడి బట్టల అంగట్లో కొన్నదేనా? నేను చెప్పలేదు. చెబితే ఇంట్లో నాకు అన్నం ఉండదు.

వంకదొడ్డి,
జూలై 17

అల్లుడు గిరికి,

మామ ఎర్రప్ప దీవించి రాసేది. నువ్వు మానుకోమన్న ఉత్తరం ఆ మంగళవారమే వచ్చిందట. పోస్టుమాన్ కంప చూసి, ఊళ్ళో కుక్క కూడా అరవకపోయేసరికి భయపడి వెనక్కి పోయాడు.

జరిగింది చెబుతాను. ఊరంతా కదిలింది. సంచి పందెంలో ఓబన్న మొదటి గెంతుకే బోర్లాపడి, లేవకుండా దొర్లుకుంటూ పోయి గెలిచానన్నాడు. హనుమక్క ఈల ఊది "మళ్ళీ దొర్లు" అంది. ముగ్గురు మనవలున్నవాడు మళ్ళీ దొర్లాడు. చీకటి పడ్డాక అంత్యాక్షరి మొదలైంది. మావాళ్ళకు సినిమా పాటలు అయిపోతే భజనలు, అవి అయిపోతే కోలాటం పాటలు, అవీ అయిపోతే పెళ్ళిళ్ళలో వియ్యపురాళ్ళను తిట్టే పాటలు. కొండ మారుమోగింది.

వాన పడలేదు. ఒక్క చుక్క పడలేదు.

తెల్లవారి ఊళ్ళోకి వస్తే మొగదల బండి టైర్ల గుర్తులు ఉన్నాయి. రాత్రి ఆదెప్ప లారీ వచ్చి పోయిందని పక్క ఊరి వాళ్ళు చెప్పారు. కంప అడ్డం, పొయ్యిల్లో నిప్పు లేదు, గూళ్ళల్లో కోడి లేదు. ఇంకెవరో మేస్త్రీ ఊరంతా ఎత్తుకుపోయాడనుకుని ఆదెప్ప లారీని వేరే ఊళ్ళకు తోలుకుపోయి అక్కడి జనంతో నింపుకున్నాడు. ఇక ఈ ఏడుకి మా వైపు రాడు.

ఊరు నన్ను తిట్టిన తిట్లు రాస్తే కాగితం చాలదు. "వానా లేకపాయె, పనీ లేకపాయె, నీ అల్లుని సంచిలో పెట్టి తంతాం" అన్నాడు ఓబన్న. నేను తలవంచుకుని విన్నాను. అమావాస్య నాటి రాత్రి ఉరుములు మొదలయ్యాయి. తెల్లవారేసరికి నేల జానెడు లోతు తడిసింది. విత్తనం ఎవరి ఇంట్లో వాళ్ళకు ఉంది కాబట్టి అందరూ విత్తుకున్నారు. ఇప్పుడు మొలక కూడా కనిపిస్తోంది. తిట్టిన నోళ్ళతోనే నిన్ను దేవుడంటున్నారు.

ఇక నీకు మాత్రమే ఒక సంగతి. క్యాంపింగ్ అంటే సరదా అని నీ మొదటి ఉత్తరంలోనే నాకు అర్థమైంది. పిచ్చివాణ్ణి కాదు. కానీ సరదాకు ఊరు కదలదు, వానకు కదులుతుంది. ఆదెప్ప లారీ ఎప్పుడూ చీకట్లోనే వస్తుంది, తెల్లవారేసరికి బెంగళూరు చేరాలని. మా ఆచారం ప్రకారం దీపాల వేళకు తిరిగి వస్తే ఇంటి ముందే లారీ ఎదురయ్యేది. నాకు రాత్రి కావాల్సి వచ్చింది. అది నువ్వు ఇచ్చావు. ఫలానా మంగళవారం వస్తానని, జనాన్ని సిద్ధం చేయమని ఆదెప్ప కబురు పెట్టింది నాకే. నేను ఎవరికీ చెప్పలేదు. లారీ హారన్ కొండ దాకా వినిపించింది. అప్పుడు నేనే లేచి గొంతు చించుకుని పాట ఎత్తుకున్నాను.

నువ్వు చెప్పిన ఆ నీలం పట్టాల కింద నేను ఒక ఏడు ఉన్నాను అల్లుడా, నీ పెళ్ళికి చాలా ముందు. అందుకే ఈ పని చేశాను. వాన పడేదాకా కంటికి కునుకు లేదు. పడకపోయి ఉంటే ఊరి ఆకలి అంతా నా నెత్తినే ఉండేది. ఆ భయం ఇంకా పోలేదు.

దీవెనలతో,
ఎర్రప్ప

తా.క.: నిన్న ఆదెప్ప మోటారు సైకిలు మీద ఈ దారిన పోతూ ఆగాడు. ఊరంతా చేన్లలో ఉంది. ఎక్కడ చూసినా మనుషులే. వాడు చేను చేనుకూ తల తిప్పి చూసి, "ఏమన్నా, అందరూ ఎప్పుడొచ్చినారు?" అని అడిగాడు. "వచ్చేదేందప్పా? మేం యాడికీ పోలేదే" అన్నాను.