నీ పేరున వచ్చిన డబ్బు కాదు

సూరీ,

సముద్రం నిన్ను తీసుకుపోయిన రోజు మళ్ళీ వచ్చింది. మొన్న గరాచర్మ బస్‌స్టాప్ దగ్గర ఒక కంపెనీ వాళ్ళు బల్ల వేశారు. ఉన్న చిల్లర అప్పులన్నీ తీర్చేసి, వాటి బదులు ఒకే పెద్ద అప్పు ఇస్తారట. సంతకం పెడితే అక్కడికక్కడే రెండు వేలు బహుమానం. మనిషిని తెచ్చినవాడికి ఐదు వందలు. నేను నీ పెళ్ళాం నరసమ్మని తీసుకెళ్ళాను.

నీకు తెలియదు గాని, నువ్వు పోయాక ఈ దీవుల్లో మనవాళ్ళకి ఒక అలవాటు పట్టుకుంది. బల్ల, కుర్చీ, కాగితాలు కనిపిస్తే చాలు, సునామీ సాయం పంచుతున్నారనుకుని వరసలో నిలబడతారు. నేనూ ఒకసారి బియ్యమనుకుని సంచీతో నిలబడి, టీకా పొడిపించుకుని వచ్చాను. సరే, అది వేరే కథ.

"దీదీ, సైన్ కరో, పైసా లో" అన్నాడు కంపెనీ కుర్రాడు, సంతకం పెట్టి డబ్బు తీసుకోమని. బడికెళ్ళకుండా నేర్చుకున్న నా చదువుతోనే ఆ కాగితం చదివాను. వాయిదాలు తప్పితే ఇల్లు వాళ్ళది. అతను ఆ మాట చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆమె సంతకం పెట్టింది.

ఇవాళ ఆ డబ్బుతో చేపలు తెచ్చి వండి, ముందు నీ ఫోటోకి పెట్టి, తరువాత నాకు వడ్డించింది.

"బావగారూ, సర్కారోళ్ళు మీ తమ్ముణ్ణి మర్సిపోయారనుకున్నాను. ఇన్నేళ్ళకైనా తల్సుకున్నారు, కదండీ?" అంది.

కాదని చెబుదామనే తలెత్తాను. ఆమె మొహం చూసి, ఔనమ్మా అన్నాను.

ఇంకో ముక్క వేసింది. తిన్నాను.