అరచేతిలో అంకె

అక్టోబర్ 9
ఆదివారం మామయ్యతో సముద్రం ఒడ్డుకు పక్షుల లెక్కకు నేను వెళ్ళాలట. ముప్పై ఏళ్ళుగా అత్తయ్యే వెళ్ళేవారు. ఈసారి ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. మా ఆయనకు కాకికీ పిచ్చుకకూ తేడా తెలియదు, కాబట్టి బలి నేను. కళ్ళద్దాల షాపులో పనిచేసే కోడలికి చూపు బాగానే ఉంటుందిలే అని మామయ్య జోకు. తన కళ్ళు మాత్రం నన్ను టెస్ట్ చెయ్యనివ్వరు. రెండేళ్ళుగా రేపు, రేపు.

అక్టోబర్ 10
మనిషి మాత్రం మంచివారు. షాపుకొచ్చే ప్రతివాళ్ళూ చార్టు వదిలేసి నా ముక్కు పక్కన పుట్టుమచ్చ చూస్తారు. మామయ్య ఒక్కరే పెళ్ళైన ఈ రెండేళ్ళలో దాని ఊసెత్తలేదు. మర్యాద అంటే అదీ.

అక్టోబర్ 11
రూల్సు వల్లె వేయించారు. గుంపు వాలగానే ఇద్దరూ మాట్లాడకుండా లెక్కపెట్టాలి. ఎవరి అంకె వాళ్ళ అరచేతిలో పెన్నుతో రాసుకుని, ఒకేసారి చేతులు తెరవాలి. అంకెలు కలిస్తేనే పక్షుల సంఘం పుస్తకంలోకి. ఇద్దరు చూడనిది లేనట్టే. షాపు ఇంటర్వ్యూలో కూడా నన్నింత పీడించలేదు.

అక్టోబర్ 12, ఉదయం 6.40
ఇసుక దిబ్బ మీద ఉన్నాం. మామయ్య బైనాక్యులర్స్ ఎత్తి, అటు ఉల్లంకి పిట్టలు, వెనక చితవలు అని చెబుతుంటే నోరు వెళ్ళబెట్టాను. ఒక్కటీ తప్పలేదు.

7.30
మొదటి గుంపు. నా చేతిలో 64. ఆయన చేతిలో 90. కొత్తదానివి కదా అని ఓదార్చారు. మళ్ళీ లెక్కపెట్టాను. 64.

8.15
ఆయన బైనాక్యులర్స్ అద్దాల మీది మూతలు తీయనే లేదు. రెండూ. పొద్దున్నుంచీ ఆయన చూడటం లేదు, వింటున్నారు. కూత వింటే పేరు తెలుస్తుంది గానీ అరవై నాలుగని ఎలా తెలుస్తుంది?

కాస్త దూరం నడిచి అత్తయ్యకు ఫోన్ చేశాను. ఆవిడ మొదట మాట మార్చబోయారు. తర్వాత ఒప్పుకున్నారు. మూడేళ్ళుగా లెక్క తేలగానే తనలో తను అనుకున్నట్టు అంకె గొణిగేవారట. ఆయన అదే రాసుకునేవారట. ఇద్దరూ ఏమీ ఎరగనట్టే ఉండేవారట. చూపు పోయిందని తెలిస్తే సంఘంవాళ్ళు ఈ దిబ్బను ఇంకెవరికో అప్పగిస్తారని ఆయన భయం. ప్రాణమంతా అందులోనే పెట్టుకున్నారు, నువ్వూ అలాగే కానిచ్చెయ్యమ్మా అన్నారు.

సాయంత్రం 4
రెండో గుంపు వాలింది. నూట పన్నెండు అని గొణిగాను. నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది.

మామయ్య పెన్నుకు మూత పెట్టేశారు. నువ్వు కూడా మొదలుపెట్టావా తల్లీ అన్నారు. కోపంగా కాదు. మూడేళ్ళు మీ అత్తయ్యచేత అబద్ధం ఆడించాను, నీచేత ఆడించలేను అన్నారు. పుస్తకం తీయించి నాతోనే రాయించారు: ఈ ఏడు చూసింది ఒక్కరే. లెక్క లేదు. వెనకటి మూడు పేజీల మీదా అడ్డగీత కొట్టించారు. గీత గీస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఈయనంటే నాకింత ఇష్టమని నాకే తెలియదు.

బస్సులో సగం దూరం వచ్చాక అడిగారు, మీ షాపులో ఆ చార్టు ముందు కూర్చోవాలంటే అపాయింట్‌మెంట్ కావాలా అని.

అక్టోబర్ 14
రెండు కళ్ళలోనూ శుక్లాలు. చార్టులో మొదటి అక్షరం నా గొంతును బట్టి పట్టేద్దామని చూశారు. నేను నోరు మెదపలేదు.

నవంబర్ 3
ఆపరేషన్ చేసిన ఒక కంటికి కట్టు విప్పారు. మామయ్య నన్ను చాలాసేపు చూసి, ముక్కు పక్కన అది ఎప్పటినుంచమ్మా అన్నారు. పుట్టినప్పటినుంచీ అన్నాను. పెన్ను అడిగి, అరచేతిలో 1 అని రాసుకుని, నన్నూ రాయమన్నారు.

చేతులు తెరిచాం.