ఎర్ర సిరాతో ఒక అక్షరం

ఏలూరు,
3 ఫిబ్రవరి 2025

ప్రియమైన నిత్యానందానికి,

ఈ పలకరింపు అలవాటు కొద్దీ రాసిందే, పొంగిపోకు. కాలేజీ ప్రత్యేక సంచికకు నా జ్ఞాపకాలు అడిగారు. డెబ్బై తొమ్మిదేళ్లొచ్చాయి, ఇక ఎవర్నీ వదలను. నా నోట్సు తన పేరుతో అచ్చేసుకున్న దేవరాజు మీద రాయడం అయింది. తర్వాత నువ్వు.

1997లో కాలేజీకి ఇంటర్నెట్ తెచ్చానని ఊరి పెద్దల్ని పిలిచాను. మోడెం పెట్టె మన కంప్యూటర్ని ఫోను లైను మీద విజయవాడకు కలపాలి. అందుకు కంప్యూటర్లో ఏమేం కొట్టాలో కాగితం మీద రాసిచ్చింది కంప్యూటరు ఇన్‌స్ట్రక్టరువి నువ్వు. అక్షరం పొల్లుపోకుండా కొట్టాను. గంటసేపు తెర మీద ‘నో క్యారియర్’, అంటే లైను కలవలేదని. “ఏవండీ, మాస్టారి యంత్రం కాఫీలన్నా ఇస్తుందాండీ?” అన్నాడొకాయన. నెల తిరక్కుండా నీ ఉద్యోగం పోయింది. న్యాయమే.

ఆ కాగితం ఇంకా ఉందా? ఉంటే పంపు, సంచికలో వేయిస్తాను.

ఇట్లు,
మల్లేశ్వరరావు


తాడేపల్లిగూడెం,
11 ఫిబ్రవరి

పూజ్యులైన మాస్టారికి నమస్కారాలండి.

నాకు కళ్లు సరిగా ఆనడం లేదండి. మీ ఉత్తరం మా ఆవిడ వెంకటలక్ష్మి చదివి వినిపించింది. ఇదీ తనే రాస్తోంది. మోటార్లకు వైండింగు చేసే షాపు మా అబ్బాయి చూసుకుంటున్నాడు.

కాగితం ఆ రోజే బల్ల మీంచి తీసుకున్నానండి. పంపుతున్నాను. మూడో వరసలో ఫోను నంబరు ముందున్న అక్షరం చూడండి. కాలేజీ ఫోను వేలుపెట్టి తిప్పే రకం కదండీ, అందుకని ‘పి’ రాశాను. ‘టి’ బటన్ల ఫోన్లకి. నా ‘పి’ని ఎర్ర సిరాతో ‘టి’ చేశారు. ఆ ఉద్యోగం ఇప్పించింది మీరే, మీరు దిద్దారని నలుగుర్లో ఎలా అంటానండీ? తెలియక దిద్దారనుకున్నాను. ఇప్పటికీ అంతే.

మీ
నిత్యానందం


ఏలూరు,
20 ఫిబ్రవరి

ప్రియమైన నిత్యానందం,

ఈసారి ఆ మాట అలవాటు కొద్దీ రాయలేదు.

తెలియకే దిద్దాను. మోడెం పుస్తకంలో ‘టి’ అని ఉంది. అచ్చయిందే ఒప్పు, చేతిరాతే తప్పు అనుకుంటూ బతికినవాణ్ణి. అక్కడితో ఆగితే పొరపాటు అనుకోవచ్చు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక తలుపేసుకుని నీ ‘పి’ కొట్టాను. లైను టిక్కుటిక్కుమంది. అవతల్నుంచి మోడెం కీచుమనే అరుపు. కలిసింది. వైరు పీకేశాను. మర్నాడు తప్పు నీ రాతదేనని ప్రిన్సిపాలుకు సంతకం పెట్టి ఇచ్చాను.

కాగితం అడిగింది సంచిక కోసం కాదు. నీ దగ్గర లేదంటే నిశ్చింతగా రాసుకోవచ్చని.

దేవరాజు మీద రాసింది చింపేశాను. ఈ ఉత్తరం నకలే సంచికకు పంపాను.

అమ్మా వెంకటలక్ష్మీ, ఇది చదువుతున్నది నువ్వే కదా. ఉద్యోగం పోయిన ఆ ఏడు మీరెలా గడిపారో ఒక్కసారీ అడగలేదు. ఆయన బాధపడతాడని మధ్యలో ఏదీ వదిలేయకు. మళ్లీ మొదట్నుంచి, గట్టిగా చదువు.

దిద్దకుండా పంపుతున్న,
మల్లేశ్వరరావు