వ్యానుకు నేనే క్లీనర్ని

1984 జనవరి 8, ఆదోని

అందరూ ఎట్లా ఉన్నారంటే ఇట్లా ఉన్నారు. ఎమ్మిగనూరులో మా అమ్మాయి వహీదాకు దగ్గు తగ్గింది, అల్లుడికి పట్టుకుంది. పిల్లలకు గజ్జి. పక్కింటి సుంకమ్మకు నడుము. నాకు ఆయాసం, గుండె దడ, ఎడమకాలు తిమ్మిరి. మా ఆయన ఉస్మాన్ సాబ్‌ను ఎవరడిగినా ఫస్టుక్లాసు అంటాడు. అబద్ధం. కళ్ళలో పొర వచ్చింది. ఎదురుగా వచ్చేది ఎద్దో బస్సో తెలియదు. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు.

జనవరి 11

జన్మంతా లారీ తోలిన మనిషి, ఇంక ఇంట్లో కూర్చోవచ్చు కదా. పోయినేడాది పాత మెటడోర్ వ్యాను కొన్నాడు. సీట్లు పీకించి మంచం బిగించాడు. స్టవ్వు, నీళ్ళ డ్రమ్ము, కిటికీలకు పూల కర్టెన్లు. ఇంటినే తోలుకుపోతాం అంటాడు. హంపి పోయాం, డ్యాము పోయాం, మంత్రాలయం దగ్గర ఏటి ఒడ్డున వండుకు తిని అక్కడే పడుకున్నాం. ఆయనకు సంతోషం. నాకు పాములు, దొంగలు, స్టవ్వు పేలుతుందని భయం. పైగా ముందు సీట్లో కూర్చుని రోడ్డంతా నేనే చెప్పాలి. గుంత. ఎద్దులబండి. ఎడమకు. బ్రేకు. లారీకి క్లీనర్ చెప్పినట్టు. నేను నోరు మూస్తే ఆ రోజు ఎవరో ఒకరు చస్తారు.

జనవరి 19

వచ్చే నెల గోవా అంట. నాకు సముద్రం చూపిస్తాడంట. ఆయనేం చూస్తాడు?

జనవరి 27

ఆయన పాత లారీ సావాసగాడు బసన్న వచ్చాడు. టీ ఇచ్చాను. నేను అక్కడ ఉండగానే ఆయన మొదలుపెట్టాడు. రోడ్డు మీద ఊరికే అరుస్తానంట. కోడిపిల్ల కనపడినా కెవ్వుమంటానంట. బసన్న పడిపడి నవ్వాడు.

“మా క్లీనర్‌కు నోరు శానా ఎక్కువప్పా. పని సున్నా.”

గ్లాసులు తీసుకుని లోపలికి పోయాను. దొంగ ముసలోడు. నా నోటితో బండి తోలుతూ నా నోటినే ఎగతాళి చేస్తాడు. ఇంక బండిలో నోరు తెరిస్తే నన్ను చెప్పుతో కొట్టండి.

జనవరి 29, పొద్దున

ఎమ్మిగనూరు వైపు పోదాం, దారిలో ఎక్కడైనా చెట్టు కింద వండుకుందాం అంటున్నాడు. రానంటే ఒక్కడే పోతాడు. పోతాను. పలకను.

జనవరి 30

పలకలేదు. ఊరు దాటేదాకా మెల్లగా తోలాడు. ఏమి, మౌనవ్రతమా అన్నాడు. చక్రం గుంతలో పడి డ్రమ్ములో నీళ్ళు పరుపు మీద ఒలికాయి. అప్పుడూ పలకలేదు.

కోటేకల్లు దగ్గర గొర్రెల మంద అడ్డం వచ్చింది. దూరం నుంచే చూశాను. ఆయనే చూస్తాడులే అనుకున్నాను. కాదు. చూడకపోతే బుద్ధి వస్తుందిలే అనుకున్నాను. అరిచేసరికి ఒక గొర్రె చక్రం కిందికి పోయింది. దానికి చెయ్యెడు దూరంలో కాపరి ఉచ్చీరప్ప నిలబడి ఉన్నాడు. మనిషి.

అతను బూతులు తిట్టాడు. గొర్రే ఎగిరి పడిందని ఈయన ఇంకా గట్టిగా తిట్టాడు. గొర్రె కాళ్ళు కొట్టుకుంటూ ఉంది. మా వైపు ఎవరి గొర్రెనైనా కోయాల్సింది సాయిబే. ప్రాణం పోయాక కోస్తే ఎవరూ ముట్టరు. ఉచ్చీరప్ప కత్తి తీసి ఆయన చేతిలో పెట్టాడు.

“తిట్లు తర్వాత సాబూ. పానం ఉండంగనే కొయ్యి.”

ఆయన కూర్చున్నాడు. గొంతు కోసం తడిమాడు. వీపు తడిమాడు, కాళ్ళు తడిమాడు. కత్తి పెట్టి తన బొటనవేలే కోసుకున్నాడు. ఉచ్చీరప్ప తిట్టడం మానేశాడు.

“ఏమి సాబూ, కండ్లు ఆనవా నీకు?”

ఆయన నా కోసం తల తిప్పాడు. నేను అటు లేను. అటు వ్యాను ఉంది.

“ఆనవప్పా. రెండేండ్లాయె,” అన్నాను.

ఆయన చెయ్యి పట్టుకుని గొర్రె గొంతు మీద పెట్టాను. బిస్మిల్లా అని కోశాడు. ఆ దారిన పోయే లారీ డ్రైవర్ ఒకతను మా వ్యానును ఆదోనికి తోలుకొచ్చాడు. ఆయన వెనక తడి పరుపు మీద కూర్చున్నాడు.

ఫిబ్రవరి 2

మాట్లాడడు. పెడితే తింటాడు. వ్యాను తాళం నా కొంగున కట్టుకున్నాను. పడుకునేటప్పుడు కూడా విప్పను. అడగనీ.

ఫిబ్రవరి 5

అడిగాడు. ఒట్టు తప్పిన నోరు అన్నాడు, నలుగురిలో పరువు తీసిన నోరు అన్నాడు. ఆ నోరు ఒక్క నిమిషం మూసినందుకే మనిషి చావబోయాడు అన్నాను. గిన్నె విసిరాడు. గోడకు తగిలింది. నేను ఆ గోడ పక్క లేను. అదీ కనపడలేదు.

ఫిబ్రవరి 9

వహీదా వచ్చింది. ఎమ్మిగనూరులో కంటి క్యాంపు పెడుతున్నారంట, పొర తీస్తారంట. కన్ను కోస్తారంటే ఆయన కంటే నాకే భయం. డాక్టరు చెయ్యి వణికితే? కట్టు తడిస్తే? ఉన్న కాస్త చూపూ పోతే జన్మంతా నన్నే తిడతాడు. తిట్టనీ. పేరు రాయించమన్నాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఫిబ్రవరి 12

“బస్సులో డ్రైవర్ ఎనకాల సీటు నాకు కావల్ల,” అన్నాడు. అంతే.

పంతొమ్మిదో తేదీ, ఆదివారం, పొద్దున బస్సుకు పోతాం.