టెంకాయ మీద పడిన తప్పు

శనివారం, ఏప్రిల్

పొద్దున పీజీ క్లాసులో టోపాలజీ, అంటే ఆకారాల గణితం, ఎట్ల పుట్టిందో చెప్పినాను. నూరేండ్ల కిందట ఒక గణితవేత్త, రంధ్రాల లెక్క గోళంతో సరిపోతే ఆ ఆకారం గోళమే అన్నాడు. నాలుగేండ్లకు, లెక్క సరిపోయినా గోళం కాని ఆకారాన్ని తనే కనిపెట్టి, తన మాట తప్పని ఒప్పుకున్నాడు. గోళాన్ని దేంతో గుర్తుపట్టల్ల అనే అసలు ప్రశ్న ఆ తప్పులోనే పుట్టింది. ఒప్పుకునే ధైర్యం కావల్లని పిల్లోళ్లకు పెద్దగా చెప్పినాను.

సాయంత్రం మా చేనికి పోతే, నాయన వేయించిన ఎనిమిది వందల అడుగుల బోరులో తెల్ల దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మొన్న భూమిలో నీళ్లు చూసేటాయన అరచేతిలో టెంకాయ లేచి నిలబడింది తూర్పు గట్టు కాడ. "అదంతా నమ్మొద్దు నాయనా, పక్క చేన్లో నీళ్లు పడినాయి, ఈడ గూడా అదే మట్టి, అదే వాలు, ఈడే వేయించు" అని పడమటి గట్టు కాడ మొండికేసింది నేను.

పక్క చేను ఓబులన్న వచ్చి, "ఏమన్నా, ఈ తావు ఎవురు చూపించినారు?" అని నాయన్ను అడిగినాడు.

నాయన తలమీద దుమ్ము దులుపుకుంటా, నా పక్క చూడకుండా, "టెంకాయే మోసం చేసిందప్పా" అన్నాడు.

నేను ఆన్నే నిలబడి, అవునన్నట్టు తల ఊపినాను.