ఏటిగోడ లోపలి చేతులు

1954 ఫిబ్రవరి 6, శనివారం

ఆసుపత్రిలో ఒక్కో మంచానికి ఇద్దరు. ఊరు రాజధాని అయినప్పటి నుంచి ఇదే వరస — గుడారాల్లో గుమాస్తాలు, గుమాస్తాల వెంట పెళ్ళాలు, పెళ్ళాల కడుపుల్లో పిల్లలు. తలచుకొంటే నవ్వొస్తుంది. నా కాళ్ళు మాత్రం నవ్వడం లేదు.

సాయంత్రం కోటగోడ సందులోకి పోయాను, మెహరున్నీసాను చూద్దామని. నా చేతుల మీద కన్నది. ఇవాళ్టికి నలభై రోజులు. మనిషి ఇంట్లో లేదు! బిడ్డా లేదు. అత్త గుమ్మంలో కూర్చొని బియ్యం ఏరుతూ — "నీళ్ళకు పోయింది నర్సమ్మా." ఏ నీళ్ళకు? "ఏటికి." ఎవరి వెంట? "ఖాసింబీ వెంట."

ఒళ్ళు మండింది. ఈ మంత్రసాని ముసలమ్మతో నాకు ఆరేళ్ళ పోరు. ఎండలు ముదరకముందే తుంగభద్ర సగం ఇసక, మిగిలింది పాచి. అందులో బాలింతనా!... అంతలో ఇద్దరూ వచ్చారు — వీధి వైపు నుంచి కాదు, పెరటి వెనక కోటగోడకు ఆనించిన పిడకల కొట్టు లోపలి నుంచి. మెహరున్నీసా జుట్టు తడి. కుడి అరచెయ్యి ఎర్రగా.

నోటికొచ్చినట్టు తిట్టాను. ఖాసింబీ వక్క నములుతూ నిలబడి అంతా విన్నది. "అయిందా బిడ్డా? గొంతు ఎండి ఉంటాది. ఇన్ని నీళ్ళు తాగు."

ఫిబ్రవరి 7

ఇంకా కోపంగానే ఉంది. పిడకల కొట్టులో నుంచి ఏటికి దారి ఏమిటి?

ఫిబ్రవరి 12

ఏమని రాయను.

ఖాసింబీ తనంతట తనే ఆసుపత్రి గేటు దగ్గరకు వచ్చింది. "పరీక్షలన్నీ పాసైనావు గదా. ఇదీ ఒకటి చూద్దువు రా." పిడకల కొట్టు ముందు చెంబెడు నీళ్ళు నా చేతికిచ్చింది. ఏ మొగవాడికీ చెప్పనని ఆ నీళ్ళ మీద ఒట్టు వెయ్యాలట. అదెంత పని, అన్నాను.

పిడకలు జరిపితే నడుము ఎత్తు తలుపు. వంగి దూరాలి. లోపల మెట్లు — కోటగోడ మందంలోనే! ఈ గోడ పక్కన చిన్నప్పటి నుంచి నడుస్తున్నాను. దాని లోపల ఒక దారి ఉందని ఎన్నడూ తెలియదు. బయట మిట్టమధ్యాహ్నం, లోపల చీకటి. లాంతరు పట్టుకొని ముసలమ్మ ముందు, నేను వెనక.

గోడ నిండా మచ్చలు. ఏదో బూజు అనుకొన్నాను. ఖాసింబీ లాంతరు దగ్గరకు పెట్టింది.

చేతులు. అరచేతులు! ఒకదాని మీద ఒకటి, మెట్టు మెట్టుకూ, తల పైన అందినంత ఎత్తు దాకా, కింద మోకాళ్ళ దాకా. ఐదు వేళ్ళూ విడివిడిగా. నా చెయ్యంతవి, నాకంటె చిన్నవి. ఒకటి మరీ చిన్నది, పద్నాలుగేళ్ళు ఉంటాయో లేదో ఆ పిల్లకు. ఒకదానికి ఆరు వేళ్ళు. పసుపూ సున్నం కలిపి అద్దినవి, గోరింటాకు అద్దినవి. ముసలివైనాక రెండూ ఒకే మట్టిరంగు. ఏవి హిందువులవి, ఏవి సాయిబులవి అని అడిగాను. ఖాసింబీ లాంతరు ఎత్తి పట్టి, "నువ్వే చెప్పు," అంది.

ఒక్కో చెయ్యీ చూస్తూ మెట్లు దిగాను.

చివరి మెట్టు మీద నీళ్ళు. బయట ఊరు ఊరంతా ఇసకలో చెలమలు తవ్వుకొని కడవలతో కొట్లాడుకొంటూ ఉంటే, ఇక్కడ చీలమండ లోతున, చల్లగా, అడుగు రాయి కనబడేంత తేటగా ఉన్నాయి. "ఏరు ఎండినా ఈడ ఎండదు," అంది. నేను తిట్టిన తిట్లు గుర్తొచ్చి సిగ్గేసింది. ముసలమ్మ చూడకుండా దోసిలి పట్టి తాగాను కూడా.

ఫిబ్రవరి 13

కేసు కాగితంలో ఒకామె పేరు రాయాల్సిన చోట "చేతులు" అని రాశాను. డాక్టరమ్మ చూసింది. నిద్ర సరిపోవడం లేదా అని అడిగింది.

ఫిబ్రవరి 17

బజారులో ఎదురొచ్చిన ప్రతి ఆడదాని చెయ్యీ చూస్తున్నాను. కూరగాయలమ్మే ఆమె, ఏట్లో పుట్టి నడిపేవాడి భార్య, జడ్జిగారి తల్లి... నువ్వు పోయినావా, నువ్వూ పోయినావా? ఎవరూ ఏమీ అనరు. మొహాలు చూస్తే ఏమీ తెలియదు. ఇన్నేళ్ళు ఇంత పెద్ద రహస్యాన్ని కొంగున కట్టుకొని వంకాయలు బేరం చేస్తున్నారు, తల్లులారా!

ఫిబ్రవరి 20

మళ్ళీ పోయాను. మెట్ల మీద కూర్చొని ఖాసింబీ చెప్పింది. తనకు తెలిసింది ఇంతేనట — నవాబుల కాలంలో కోటలో ఆడవాళ్ళు ఎవరి కంటా పడకుండా ఏటికి దిగడానికి కట్టించారు. ఒక బేగమ్ బిడ్డను ఎత్తుకొని మొదటిసారి దిగుతూ, కాలు జారి గోడ పట్టుకొంది. గోరింటాకు ఇంకా పచ్చిది. చెయ్యి గోడకు అంటింది. బిడ్డకు ఏమీ కాలేదు. "అదే మొదుటిది." ఏది? "అడుగున యాడో ఉంటాది. మీద ఎన్ని పడినాయో!"

నవాబులు పోయారు, దొరలు వచ్చారు, ఈ దారి సంగతి మొగవాళ్ళు మరిచిపోయారు. సందులో ఆడవాళ్ళు పిడకలు అడ్డం పెట్టి ఉంచుకొన్నారు. కుమ్మరులు, కోమట్లు, రెడ్లు, సాయిబులు — బిడ్డను కన్నది ఎవరైనా సరే. హిందువులు ఇరవై ఒకటో నాడు, సాయిబులు నలభయ్యో నాడు. ఒకసారి వరద వచ్చి కింద మెట్ల చేతులన్నీ కడిగేసుకొని పోయిందట. నీళ్ళు తీశాక ముసలివాళ్ళు కూడా కర్రలు పట్టుకొని వచ్చి మళ్ళీ వేశారు. పక్కపక్కన ఉన్న రెండు చేతులు చూపించింది. "ఈ రెండిండ్ల మొగోళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకోరు. ఈయమ్మలు చూడు, ఎట్లుండారో."

చిన్నప్పుడు బడిలో అయ్యవారు చెప్పారు — అవతలి ఒడ్డున అలంపురం గుళ్ళకు రాళ్ళు తోలే బండ్లు ఇక్కడ ఏరు దాటేముందు ఇరుసులకు కందెన వేసుకొనేవని, అందుకే ఈ ఊరు కందనవోలు అయిందని. బండ్ల కథ తెలుసు, రాళ్ళ కథ తెలుసు. ఆ బండ్లు తోలినవాళ్ళను కన్నవాళ్ళ సంగతి ఏ అయ్యవారూ చెప్పలేదు. వాళ్ళ లాంటివాళ్ళు ఇక్కడ ఇంతమంది ఉన్నారు.

కొన్ని చేతులు తలకిందులుగా ఉన్నాయి, వేళ్ళు నీళ్ళ వైపు. ఎందుకని అడిగితే ముసలమ్మ లాంతరు కింద పెట్టింది. "బిడ్డ దక్కనోళ్ళయి."

తరువాత — "నీ చెయ్యి యాడ?"

నాకు పిల్లలు లేరన్నాను. అందరికీ చెప్పే మాటే.

"పుట్టనే లేదా?"

పుట్టింది. ఆత్మకూరులో, పన్నెండేళ్ళ కిందట. తొమ్మిది రోజులు ఉంది. ఏడాది తిరక్కుండా ఆయనా పోయారు. నేను పుస్తకాలు పట్టుకొని నర్సునయ్యాను. ఇన్నేళ్ళలో ఎవరూ ఈ మాట అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఖాసింబీ గిన్నెలో పసుపూ సున్నం కలిపింది. వేళ్ళు కిందికి పెట్టి అద్దాను. నీళ్ళ పక్కనే, ఎడమవైపు. ఏడ్చాను. బాగానే ఏడ్చాను.

ఫిబ్రవరి 22

మా మరదలు వెంకటలక్ష్మికి పొద్దున ఆడపిల్ల. కాన్పుకు పుట్టింటికి కోడుమూరు పంపుదామంటే అక్కడ తాగడానికే నీళ్ళు లేవు. ఇక్కడే అయింది. తల్లీబిడ్డా క్షేమం. మా తమ్ముడు రంగడు చొక్కా తిరగేసి తొడుక్కొని వీధంతా చక్కెర పంచి వచ్చాడు.

మార్చి 3

రంగడు అన్నం తింటూ చెప్పాడు. ఓవర్సీరు గదా, కొత్త పని వచ్చింది — గుమాస్తాలకు క్వార్టర్లు. "నేలకు నాపరాళ్ళు బేతంచెర్ల నుంచి వస్తాండాయి. పునాదికి రాయి కొనే పనే లేదక్కా. ఏటివైపు పాతగోడ పీకేస్తే సరిపాయె. పద్దెనిమిదో తేదీ ఇంజనీరు వచ్చి చూస్తాడు. సరే అంటే మర్నాడే గడ్డపార్లు."

చారు గరిటె చేతిలోనే ఉండిపోయింది. ఎంతవరకు పీకుతారు?

"బురుజు కాడ నుంచి సందు కొస దాకా."

సందు కొస దాకా...

మార్చి 4

డ్యూటీ దిగి పరుగున పోయాను. మా తమ్ముడికి చెప్తాను, వాడు పై వాళ్ళకు చూపిస్తాడు, చూసిన వాడెవడైనా ఆ గోడ మీద గడ్డపార వేస్తాడా! ఖాసింబీ తల ఊపలేదు.

"చెప్తే ఏమయితాది? వాళ్ళొస్తారు. బూట్లతో దిగుతారు. ఫోటోలు తీస్తారు. ఆ మీదట ఏ బాలింత దిగుతాది బిడ్డా ఆడ?"

"చెప్పకపోతే కూలుస్తారు!"

"కూలిస్తే కూల్చనీ. ఏరు యాడికీ పోదు గదా."

అరికాలి మంట నెత్తికెక్కింది. నీకు బుద్ధుందా అని అరిచాను. అందులో నీ తల్లి చెయ్యి లేదా, నీ చెయ్యి లేదా, నా... "మాటిచ్చినావు. నీళ్ళ మీద," అంది. అంతే. మళ్ళీ వక్క. కానీ వక్కల సంచి ముడి విప్పలేక రెండుసార్లు జార్చుకొంది. అది చూశాను.

మార్చి 8

చెప్తే ఆడవాళ్ళకు లేకుండా పోతుంది. చెప్పకపోతే అసలుకే లేకుండా పోతుంది. రంగడి ముందు నోరు తెరుస్తాను, మూస్తాను. "పన్ను నొప్పా అక్కా?" అంటాడు వెధవ.

మార్చి 11

ఇంకా వారం. ఇవాళ మూడు కాన్పులు. ముగ్గురి చేతులూ పట్టుకొని చూశాను.

మార్చి 14, ఆదివారం

ఇరవై ఒకటో రోజు. ఇంకెన్నాళ్ళు ఉంటుందని పోవడం అన్నాను. ఖాసింబీ కసిరింది — "ఉన్నన్నాళ్ళు పోవాల."

పిల్లను నేనెత్తుకొన్నాను. మా మరదలు నోట్లో నాలుక లేని మనిషి. మెట్లు దిగుతున్నంతసేపూ నా కొంగు వదల్లేదు. చేతులు చూసి నిలబడిపోయింది. "ఇంతమందా వదినా?" తరువాత మళ్ళీ, గుసగుసగా, "ఇంతమందా!" తన చెయ్యి పెట్టడానికి ఖాళీ చోటు వెతికింది. లేదు. ఖాసింబీ, "ఎవురి మీదైనా పెట్టు, ఏమీ అనుకోరు," అంది. పెట్టింది. బిడ్డ ఆ చీకట్లో కళ్ళు విప్పి లాంతరు వైపే చూస్తోంది.

ఇల్లు చేరాక వెంకటలక్ష్మి గుమ్మంలో ఆగి — "ఈ గోడనేనా ఆయప్ప పీకేది?"

మార్చి 15

ఎవరనుకొన్నారు! పొద్దున్నే వెంకటలక్ష్మి మొగుడి ముందు నిలబడి — "ఆ గోడ ముట్టుకోవద్దు."

"ఎందుకని?"

"చెప్పను."

రంగడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. "చెప్పకుంటే పైకి నేనేమని రాసేది? నా ప్రమోషను కాగితం ఆ ఇంజనీరు బల్ల మీదనే ఉండాది, తెలుసునా?"

"ఏమన్నా రాసుకో."

నా వైపు తిరిగాడు. "నీకు తెలుసా అక్కా?"

"తెలుసు."

"చెప్పవా?"

"చెప్పను."

"ఇద్దరూ ఒకటైనారు!" కంచం తోసేసి లేచిపోయాడు.

చెప్పాలా వద్దా అని పది రోజులుగా చస్తున్నాను. మరదలు పక్కన నిలబడేసరికి ఒక్క క్షణంలో ఆ మాట వచ్చేసింది. దాని ధైర్యం ముందు నా ఆరేళ్ళ నర్సుగిరీ ఏ మూలకు!

మార్చి 16

రంగడు ఎవరితోనూ మాట్లాడటం లేదు. పిల్లతో తప్ప.

మార్చి 17

ఖాసింబీ వచ్చి చెప్పింది. రంగడు ఏటి వైపు నుంచి కర్రతో గోడ తట్టుకొంటూ వచ్చాడట. ఒకచోట ఆగి మళ్ళీ తట్టాడట, చెవి ఆనించి విన్నాడట. తరువాత సందులోకి తిరిగి వచ్చి పిడకల కొట్టు ముందు నిలబడ్డాడు. "ఈ లోపల ఏముండాదవ్వా?"

"ఆడోళ్ళ జాగా నాయనా."

ముసలమ్మ కదల్లేదు, అడ్డమూ రాలేదు. ఆ సమయానికి అక్కడ ఇంకెవరూ లేరు. పిడకలు నాలుగు తోస్తే చాలు.

చెప్పులు విడిచాడట. కాసేపు అట్లాగే నిలబడి, మళ్ళీ చెప్పులు తొడుక్కొని వెళ్ళిపోయాడట.

చెప్పులు ఎందుకు విడిచాడు? ఎవరు చెప్పారు వాడికి?

మార్చి 18

ఇంజనీరు పది గంటలకు వస్తాడు. రంగడు రాత్రి రాసిన రిపోర్టు నాకు చదివి వినిపించాడు. సందు వైపు గోడ లోపల డొల్ల, ఆ రాయి పునాదికి పనికి రాదు, పీకితే పక్క ఇండ్లు కూలతాయి, బురుజు దగ్గరే ఆపాలి. నమ్ముతాడా అని అడిగాను.

"తట్టి చూస్తే డొల్ల చప్పుడు వస్తాది గదా. డొల్ల ఎందుకుండాదంటేనే కష్టం. తవ్వి చూపించమంటే ఇంకా కష్టం."

"అంటే ఏం చేస్తావు?"

"తెలీదక్కా."

సైకిలు పట్టుకొని ఆగాడు. నా వైపు చూడకుండా — "ఇరవై ఒకటో నాడు పోయొచ్చినాకనే ఆమె అడ్డం తిరిగింది. బాలింతలు పోయే చోటు గదా అది."

"ఊ."

"నువ్వు పోయినావా?"

"పోయినా. పోయిన నెలలో."

ఆత్మకూరులో ఆ రోజు పాపను గుడ్డలో చుట్టి ఎత్తుకొని పోయింది వీడే. పదహారేళ్ళు అప్పుడు. తిరిగొచ్చి నా ముందు కూర్చొన్నాడు. పన్నెండేళ్ళు ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

"పేరు ఏం పెట్టాలనుకొన్నావక్కా?"

చెప్పాను.

వాడు ఆ పేరు ఒకసారి పలికాడు, మెల్లగా. సైకిలెక్కి పోయాడు.

మధ్యాహ్నం

ఒంటిగంట దాటింది. వెంకటలక్ష్మి పిల్లను ఒళ్ళో వేసుకొని గుమ్మంలోనే కూర్చొని ఉంది. గోడ వైపు నుంచి గడ్డపార చప్పుడేమీ లేదు. రంగడు ఇంకా అన్నానికి రాలేదు.