పచ్చ తెర వెనుక లుంగీ

సీబ్, ఒమాన్,
12 ఆగస్టు 1978

పూజ్యురాలైన లస్మక్కకు తమ్ముడు దేవదాసు దండాలు. తింటున్నాను, నిద్రపోతున్నాను, ఈ ఎండకు ఇంకా కరిగిపోలేదు. మీరంతా చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. ఉత్తరం చదివి వినిపించే పక్కింటి సాజిదమ్మకు సలాములు.

మోకాళ్ళకు నూనె పంపమన్నావు. నా గదిలో ఉండే రహీం సెలవు మీద ఊరికి వస్తున్నాడు, అతని చేతికిస్తాను. ఇక్కడ చేపలు దొరుకుతాయా అన్నావు. చేపలకేం, సముద్రంలోంచి నేరుగా పళ్ళెంలోకి దూకుతాయి; దొరకనిది మన పచ్చిపులుసు రుచే. ఇక నీ అసలు ప్రశ్న. నెలాఖరుకు అగ్రిమెంటు అయిపోతుంది కదా, ఇక వచ్చేస్తావా, అర్రకు సున్నం వేయించి పెట్టాను అన్నావు. జవాబు చెప్పే ముందు ఒక సంగతి చెప్పాలి.

హోటల్లో గిటారు వాయిస్తానని నీకు తెలుసు. ఎక్కడ కూర్చుని వాయిస్తానో నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. బొంబాయిలో ఉన్నప్పుడు చూయింగ్ గమ్ పాటలని ఉండేవి. కుర్రకారు గంతులేసే ఇంగ్లీషు పాటలు, నమిలినంతసేపే తీపి. రికార్డు అట్ట మీద బొమ్మ గిరజాల జుట్టు వాళ్ళది, లోపల మోగే వేళ్ళు నావి. ఒకసారి ఇరానీ హోటల్లో ఒకాయన డబ్బులిచ్చి మరీ నేను వాయించిన పాట పెట్టించుకున్నాడు. విందామని దగ్గరికి వెళితే, బల్లకు అడ్డంగా ఉన్నావు, పక్కకు జరగమన్నాడు. జరిగాను.

ఇక్కడా అదే పద్ధతి. ముందు నిసార్ అహ్మద్ నిలబడి పాడతాడు. హైదరాబాదు మనిషి, గొంతు బంగారం, ముఖం అంతకంటే మేలు, వేళ్ళు మాత్రం గిటారు మాట వినవు. అందుకని మోగని గిటారు ఒకటి అతని మెడలో వేలాడుతుంది. నేను పచ్చ తెర వెనుక లుంగీ, బనీనుతో కూర్చుని వాయిస్తాను. నా కాలి నుంచి అతని కాలికి గాలపు దారం కట్టుకున్నాం. ఒకసారి లాగితే చేయి ఆడించాలి, రెండుసార్లు లాగితే ఆపి, వంగి దండం పెట్టాలి.

పోయిన వారం, గురువారం నాడు పాట మంచి ఊపులో ఉండగా నా పిక్క మీద దోమ వాలింది. చేతులు ఖాళీ లేవు, కాలిని కాలికేసి రుద్దుకున్నాను. నిసార్ పాట మధ్యలో ఆపి, గిటారు వదిలి, వంగి దండం పెట్టాడు. గిటారు మోగుతూనే ఉంది.

హోటలంతా ఒకటే నవ్వు. మేనేజరు ఫక్రుద్దీన్, కడపాయన, తెర పక్కకొచ్చి పళ్ళు కొరికాడు. "ఏం దాసన్నా, కాలికి తిక్క పట్టిందా? బయటికి మాత్రం రావాకు. ముసిలి మొగం జూస్తే గిరాకీ పోతాది. నెలాఖరుకు ఇమానం ఎక్కుదువులే."

నిసార్ విన్నాడు. వచ్చి తెర తాడు లాగేశాడు. "బస్, చాచా. ఈ డబ్బా నా మెడల వద్దు. నువ్ వాయించు, నేను పాడ్తా."

"లుంగీ మీదున్న బేటా," అన్నాను.

"ఉండనీ. నేను దండం పెట్టినదానికన్నా ఇజ్జత్ పోతదా?"

ముందు బల్ల దగ్గర ఒక ఒమానీ పెద్దాయన పిల్లలతో తింటున్నాడు. ఇక్కడివాళ్ళు తెల్లటి పొడుగు అంగీ లోపల లుంగీయే కడతారు, కాబట్టి ఆయనకు నా వేషం వింత కాలేదు. వేళ్ళ వంక చూసి, కానియ్యమని చేయి ఊపాడు. వాయించాను. పాట అయ్యాక జనం చప్పట్లు కొట్టారు, నన్ను చూస్తూ కొట్టారు. ఎటు చూడాలో తెలియక గిటారు తుడుచుకుంటూ కూర్చున్నాను.

గిరాకీ తగ్గకపోయేసరికి ఫక్రుద్దీన్ మెత్తబడ్డాడు. ఉంటే ఉండు గానీ ప్యాంటు తొడగాలి, జుట్టుకు రంగెయ్యాలి అన్నాడు. ప్యాంటుకు ఒప్పుకున్నాను.

సాజిదమ్మా, ఇక్కడ కాస్త నెమ్మదిగా చదువు. అక్కా, నిన్న ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టాను. నిన్ను అడగలేదు. ఎవరూ బలవంతం చేయలేదు, డబ్బు అవసరమూ లేదు. నేను వాయించిన పాటలకు చప్పట్లు ఇన్నేళ్ళూ గోడ అవతల వినబడ్డాయి. యాభై ఎనిమిదేళ్ళ వయసులో మొదటిసారి ముఖం మీద పడ్డాయి. నీకు కోపం వస్తుంది, రావాలి కూడా. కానీ ఇప్పుడు వచ్చేస్తే నీ ఇంట్లో కూర్చుని తలుపు వంకే చూస్తుంటాను. కొన్నాళ్ళు నన్ను తెర ఇవతల కూర్చోనియ్యి.

ఇట్లు,
నీ మాట దాటిన తమ్ముడు,
దేవదాసు